నిదానం మోసిన కేసులు

లారీల షెడ్డులో ఆయన్ని అందరూ నిదానం అంటారు. అసలు పేరు ఓనరుకి కూడా చటుక్కున గుర్తురాదు. దూరంలో గతుకు కనబడగానే ఆయన కాలు బ్రేకు మీదికి పోతుంది. పక్క సీట్లో ఎవరైనా టీ తాగుతుంటే చుక్క ఒలకదు. వెనక వాళ్లు హారన్లు కొట్టీ కొట్టీ తిట్టుకుంటూ దాటిపోతుంటే, "వెళ్లండి నాయనా, ఆస్పత్రి కూడా అటువైపే" అంటాడు. ఇన్నేళ్ల సర్వీసులో మనిషిని కాదు కదా, కుక్కని కూడా గుద్దలేదు.

అలాంటి మనిషికి పోలీసు సర్టిఫికెట్ రాలేదంటే నమ్ముతారా?

షెడ్డులో లారీలు ఒక్కొక్కటే అమ్ముడుపోతున్నాయి. సరిగ్గా అప్పుడే విదేశీ కంపెనీ ఒకటి ట్రైలర్ డ్రైవర్లు కావాలంటూ వచ్చింది. యాభై నిండినవాళ్లని తీసుకోదు. నిదానానికి వచ్చే ఏడాదితో నిండుతాయి. అంటే ఇది పోతే మళ్లీ లేదు. పరీక్షలో ట్రైలర్‌ని డ్రమ్ముల మధ్య నుంచి వెనక్కి తీసుకెళ్లమన్నారు. ఆయన ఒక్కసారికే దారంలా దూర్చేశాడు. ఆయన భార్యకి తమ్ముడు, అదే షెడ్డులో డ్రైవరు, ఒక డ్రమ్ముని దొర్లించినా రెండోసారికి ఎలాగో గట్టెక్కాడు. ఇద్దరూ పాసయ్యారు. ఇక కావలసింది నేరచరిత్ర లేదని పోలీసులిచ్చే కాగితం ఒక్కటే.

ఆ కాగితాల కోసం ఇద్దరూ కలిసే వెళ్లారు. బావమరిదిది ముందు వచ్చింది.

"బావా, నాది క్లీన్! అద్దంలా ఉంది చూడు!"

కౌంటర్‌లో ఉద్యోగి నిదానం కాగితాన్ని మాత్రం చేతిలోనే పట్టుకుని, కళ్లజోడు మీదుగా చూశాడు.

"ఏం పెద్దాయనా, చూస్తే మెత్తగా ఉన్నావు. అజాగ్రత్తగా నడిపి గోడ కూల్చావు, కరెంటు స్తంభం గుద్దావు, స్కూటరాయన చెయ్యి విరగ్గొట్టావు. మూడూ కోర్టులో ఒప్పుకున్నావు కూడా."

బావమరిది తన కాగితాన్ని మడిచి జేబులో పెట్టేసుకున్నాడు.

ఎందుకంటే ఆ స్కూటర్‌ని గుద్దింది వాడే.

షెడ్డులో దీన్ని కేసు మొయ్యడం అంటారు. ఎవరైనా లారీతో గుద్ది భయపడి పారిపోతే, బండిని సరుకుతో సహా స్టేషన్‌లో పెట్టేస్తారు. డ్రైవరు ఫలానా అని ఓనరు ఒకణ్ని చూపించాలి. వాడు కోర్టులో తలొంచుకుని ఒప్పేసుకుంటే ఓనరు జరిమానా కడతాడు, బండి బయటికొస్తుంది. కుర్రాళ్లని పంపితే తడబడతారు, వాళ్ల కొత్త లైసెన్సులకి ముప్పు. నిదానమైతే తడబడడు. పైగా లోపల సరుకు కుళ్లిపోతుందంటే ఆ ప్రాణం ఊరుకోదు. మోసిన ప్రతిసారీ అది అక్కడితో అయిపోయిందనే అనుకున్నాడు. అది తన పేరు పక్కన చేరి కూర్చుంటుందని షెడ్డులో ఏ ఒక్కడికీ తట్టలేదు.

"అవి నేను చెయ్యలేదు సార్. ఊరికే ఒప్పుకున్నాను."

ఉద్యోగి చుట్టూ చూసి గొంతు తగ్గించాడు. "ఆ మాట ఇక్కడన్నావు కాబట్టి సరిపోయింది. కోర్టులో అబద్ధం చెప్పానంటే అది ఇంకో కేసు. నడిపినవాడెవడని అడుగుతారు. చెప్తావా?"

నిదానం పక్కకి చూడలేదు. బావమరిది తన చెప్పుల వైపు చూసుకుంటున్నాడు.

"లేదులెండి," అన్నాడు నిదానం.

ఇంటికొచ్చాక ఆయన భార్య కుట్టుమిషను ఆపి ఇద్దరి మొహాలూ చూసింది. సంగతంతా తమ్ముడే చెప్పాడు.

"నేనెళ్లి ఒప్పుకుంటా అక్కా. నేనే గుద్దానని చెప్పేస్తా."

"చెప్పు. ఇద్దరూ ఇక్కడే కూచుని నా దారపుండలు చుట్టండి." తర్వాత మొగుడి వైపు తిరిగింది. "నువ్వేమిటయ్యా మాట్లాడవు? ఊళ్లో వాళ్ల తప్పులన్నీ మొయ్యడానికి నువ్వేమన్నా లారీవా?"

"వాడు చెప్తే వాడూ ఆగిపోతాడు, నేనూ లోపలికి పోతాను. ఒక్కడైనా వెళ్లనియ్యి."

ఆమె చాలాసేపు మిషను తొక్కింది. సూదిలో దారం లేదు.

మొగుడి ప్రయాణానికని కొన్న పెట్టెని తమ్ముడికి ఇచ్చేసింది. వాడు వెళ్లేరోజు విమానాశ్రయం దాకా కారు నిదానమే నడిపాడు. "బావా, కొంచెం తొక్కు, విమానం నాకోసం ఆగదు," అన్నాడు వాడు. నవ్వబోయి, ముక్కు తుడుచుకుని కిటికీ వైపు తిరిగిపోయాడు.

వారం తిరక్కుండానే ఓనరు ఇంటికొచ్చి గుమ్మంలో నిలబడ్డాడు.

"నిదానం, కోడిపిల్లల బండి స్టేషన్‌లో ఉంది. మన కుర్రాడొకడు డివైడర్ ఎక్కించి పారిపోయాడు. పెట్టెల్లో పిల్లలు ఎండకి ఎగశ్వాస తీస్తున్నాయి."

"ఆయన రారు," అంది భార్య లోపల్నించే.

"అమ్మా, ఆ కుర్రాడు కూడా పాస్‌పోర్టుకి పెట్టుకున్నాడు. ఇప్పుడు వాడి మీద పడితే వాడి బతుకు కూడా ఇంతే." ఓనరు నిదానం మొహంలోకి చూడలేక తలుపు గొళ్లెం కదుపుతూ అన్నాడు, "నీకంటావా... ఇంక మూడైనా నాలుగైనా తేడా ఏముంది?"

ఆ మాటలో తప్పు వెతకడానికి నిదానం నిజంగానే ప్రయత్నించాడు. దొరకలేదు. అదే ఆయన్ని నలిపేసింది. లేచి, ఎప్పుడూ కోర్టుకి వేసుకునే తెల్లచొక్కా కోసం కొక్కెం వైపు చెయ్యి చాపాడు.

"అది లేదు," అంది భార్య. "పెట్టెలో తమ్ముడితో పోయింది."

చారల చొక్కాతోనే వెళ్లాడు. ఒప్పుకున్నాడు. బయటికొస్తుంటే కోర్టు గుమస్తా గుర్తుపట్టి ఆపాడు.

"మళ్లీ నువ్వేనా? వయసొచ్చింది, ఇకనైనా కాస్త చూసుకుని నడపవయ్యా!"

"అలాగే సార్."

స్టేషన్ ముందు బండెక్కి, వెనక పట్టా కాస్త పైకెత్తించి గాలి ఆడేలా చేశాడు. స్టార్ట్ చేశాడు. వెనకెవడో హారన్ కొడుతున్నాడు. మలుపు దగ్గర డివైడర్‌కి మూరెడు జాగా వదిలి, వెనక ఒక్క పెట్టె కూడా కదలకుండా తిప్పాడు.