బాణం ఆగిన నాపరాయి

దయ్యాల కథ ఎవరు మొదలుపెట్టినా మా స్టాఫ్ రూములో ముందు నవ్వేది నేనే. జగ్గయ్యపేటలో సైన్సు టీచర్ని మరి. ఇది చదివి మీరు నవ్వినా ఏమీ అనుకోను.

మా అమ్మకు ఆరేళ్లప్పుడు వాళ్లమ్మ పోయింది. నందిగామ దగ్గర ఒక పాత సమాధుల తోటలో పెట్టారు. ఫొటో లేదు. సమాధి ఏదో చెప్పగలిగినవాళ్లూ మిగల్లేదు. ఏటా సమాధుల పండుగకు అందరూ తమవాళ్ల సమాధులకు సున్నం వేసి పూలు పెట్టుకుంటుంటే, అమ్మ నిలబడిన రాళ్లన్నీ చదువుకుంటూ తిరిగేది. చివరికి గేటు దగ్గర కొవ్వొత్తి వెలిగించి వచ్చేది. కిందటేడు ఆమె గుండె బాగా బలహీనపడింది. "ఈసారి కూడా గేటు దగ్గరేనేమోనే" అంది. ఆ మాట నాకు గుచ్చుకుంది.

నాకు జియోకాషింగ్ పిచ్చి ఉంది. ఎవరో ఒక చిన్న డబ్బా దాచి ఆ చోటు యాప్‌లో పెడతారు, మనం ఫోనులో బాణం చూసుకుంటూ వెళ్లి వెతకాలి. పాత చోట్ల చరిత్ర పదిమందికీ తెలియాలని, నందిగామలో రిటైరైన డ్రాయింగు మాస్టారొకాయన ఆ తోటలోనూ ఒకటి దాచారు. పండుగకు ముందు ఆదివారం, పట్టపగలు, దానికోసమే వెళ్లాను.

తోట మధ్యలో నేలలో సగం కూరుకుపోయిన ఒక నాపరాయి దగ్గర బాణం ఆగింది. డబ్బా లేదు. ఫోను ఆపి, మళ్లీ పెట్టి, గేటు దగ్గర్నుంచి ఇంకో రెండుసార్లు వచ్చాను. మూడుసార్లూ అక్కడే. ఏటా వెతికి అలిసిపోయాక అమ్మా నేనూ కూర్చునే రాయి అది. నిలబడిన రాళ్లే చదివాం కానీ, పడిపోయినవాటి సంగతి ఎప్పుడూ ఆలోచించలేదని అప్పుడు తట్టింది.

సున్నం వేస్తున్నవాళ్లను బతిమాలి గునపంతో లేపించాను. బోర్లా పడిన రాయే. మట్టి తుడిస్తే మా అమ్మమ్మ పేరు, తాతయ్య పేరు, ఊరు. అక్కడే కూర్చుని ఆ అక్షరాలు మళ్లీ మళ్లీ చదువుకున్నాను.

మాస్టారికి ఫోను చేస్తే, "అక్కడెందుకుంటుందండి? నేను పెట్టింది తూర్పు గోడ పక్కన కదా!" అన్నారు. వచ్చి చూపించారు కూడా, తోట ఆ చివర. ఆయన ఫోనులో బాణం సరిగ్గా అటే వెళ్లింది. కాసేపటికి నా ఫోనులోనూ అంతే. ఫోను పొరబడిందనే అనుకుందాం. ఇంత తోటలో మూడుసార్లూ ఆ ఒక్క రాయి దగ్గరే ఎందుకు పొరబడాలి?

పండుగ రోజు అమ్మను కారులో తీసుకెళ్లాను. అప్పటికి రాయి నిలబెట్టించాను. అమ్మ కొవ్వొత్తి వెలిగించి, అక్షరాల మీద వేలు పెట్టి చదువుతూ వయసు దగ్గర ఆగిపోయింది. ఇరవై నాలుగేళ్లు.

"ఇంత చిన్నపిల్లా మా అమ్మ!" అంది. చంటిపిల్లను జోకొట్టినట్టు ఆ రాయిని జోకొడుతూ చాలాసేపు కూర్చుంది.

నెల తిరక్కుండానే అమ్మ వెళ్లిపోయింది. వాళ్లమ్మ పక్కనే పెట్టాం. ఆ బాణాన్ని అటు తిప్పిందెవరో నాకిప్పటికీ తెలియదు. ఎవరైనా సరే, రోజూ ప్రార్థనలో వాళ్లకు థాంక్స్ చెప్పుకుంటున్నాను.