సార్ తన మీద వేసుకున్న తప్పు కొలత

రమేశ్, బాగున్నావా? నీ మెసేజ్ చూసి పది రోజులు దాటింది, జవాబు ఇవ్వలేదని కోపం తెచ్చుకోకు. కోదాడలో మనకు కంప్యూటర్ మీద డ్రాయింగ్ నేర్పిన సార్ పోయారు. ఇక్కడ సూర్యాపేటలో షాపు, అక్కడ కోదాడలో దినాల పనులు, మధ్యలో బస్సు. ఒళ్లు అలసిపోయింది. మనసు అంతకన్నా ఎక్కువ.

తొంభైల చివర్లో సైకిల్ షాపు పైన ఆ ఒక్క గది, ఆ ఒక్క కంప్యూటర్ గుర్తున్నాయా? అంతకుముందు ఏళ్ల తరబడి సార్ ట్రేసింగ్ కాగితం మీద గీశారు. తప్పు గీత పడితే బ్లేడుతో గీకేవారు. కంప్యూటర్ వచ్చాక కూడా జేబులో బ్లేడు ఉండేది. మనం నవ్వేవాళ్లం.

బొమ్మను తిప్పడం నేర్పిన రోజు అగ్గిపెట్టె టేబుల్ మీద పెట్టి, ఒక మూల వేలితో నొక్కి తిప్పి చూపించారు.

"వేలు ఏడ పెట్టినవో సూస్కో. గా మూల కదలది, మిగిలిందంత దాని సుట్టు తిరుగుతది."

నువ్వేమో నడిమధ్య నొక్కి, "సార్, ఇది ఫ్యాన్ లెక్క తిరుగుతుంది" అన్నావు.

"నీ బుర్ర గూడ గట్లనే తిరుగుతది. మూలకు పెట్టు."

ఆయన రోజూ చెప్పే మాట ఒకటుంది. "జరిపితే జాగ మారుతది, తిప్పితే మొఖం మారుతది. సైజు మారిస్తే వస్తువే మారిపోతది. దాన్ని ముట్టేముందు నన్ను పిలువుండ్రి."

నేను పిలవలేదు. నువ్వు కోర్సు మానేసి వెళ్లాక, నేను సార్ దగ్గరే పనిచేస్తున్నప్పుడు జరిగింది, నీకు తెలియదు. మిర్యాలగూడలో ఒక రైస్ మిల్లుకు, మిషన్ బిగించే సిమెంటు దిమ్మె డ్రాయింగ్. సార్ కళ్లు చూపించుకోవడానికి దవాఖానకు వెళ్లారు. కాగితం మీద బొమ్మ చిన్నగా కనిపిస్తోందని మొత్తం కలిపి కొంచెం పెద్దది చేశాను. దాంతో కొలతల అంకెలు కూడా వాటంతట అవే మారాయి. నేను చూడలేదు. మేస్త్రీ ఆ అంకెల ప్రకారమే దిమ్మె పోసి బోల్టులు నిలబెట్టాడు. మిషన్ దించితే ఒక్క బోల్టూ రంధ్రంలో పడలేదు.

"ఏం సారూ, కంప్యూటర్ గీసిందంటే నమ్మినం. గిదేంది?" అన్నాడు మిల్లు ఓనరు.

సార్ కాగితం చూశారు. నా ముఖం చూశారు. "తప్పు నాదే సేటూ. నేనే సూస్కోలే."

ఆ రోజంతా దిమ్మె పగలగొట్టే దుమ్ములో నిలబడి కొత్త కొలతలు పట్టారు. టేపు రెండో కొస నేను పట్టుకున్నాను. తప్పు నాదని మాత్రం ఓనరుకు చెప్పలేదు. తిరుగు బస్సులో పల్లీల పొట్లం నా చేతిలో పెట్టి, "కాగితం సాలకపోతే పెద్దది తీస్కో. బొమ్మను గుంజకు" అన్నారు. అంతే. ఆ తర్వాత మిర్యాలగూడ మిల్లుల పని ఆయనకు మళ్లీ రాలేదు. నన్ను ఒక్క మాట అనలేదు, పొమ్మనీ అనలేదు.

పదకొండో రోజు భోజనాలకు ఆ ఓనరు వచ్చాడు. ముసలాయన అయ్యాడు. "మంచి మనిషి. మా దిమ్మె కాడనే జర లెక్క తప్పిండు" అని పక్కాయనతో అన్నాడు. నీళ్ల జగ్గుతో వస్తున్న సార్ భార్య ఆ మాట విని అక్కడే ఆగిపోయింది. నేను ఆ ఓనరు విస్తట్లో పప్పు వడ్డిస్తున్నాను. "ఇంకొంచెం ఎయ్యనా?" అని అడిగి పక్క విస్తరికి జరిగాను.

చెప్పాలి రమేశ్. ముందు ఆమెకు, తర్వాత ఆ ఓనరుకు. ఈ వారంలో రెండుసార్లు కోదాడ బస్టాండులో దిగి, ఛాయ్ తాగి, ఎదురుగా ఉన్న సూర్యాపేట బస్సే ఎక్కాను. పక్కన నువ్వుంటే ఆ ఇంటి దాకా నడుస్తానేమో. ఏ రోజన్నా సరే, షాపు మూస్తాను. నువ్వెప్పుడొస్తావు?