అవ్వ తెచ్చిన నాలుగు పెట్టలు

పోయిన గురువారం దొరవారిసత్రం నుంచి కార్డు వచ్చింది. అవ్వ పోయిందని, మట్టి చెయ్యడం కూడా అయిపోయిందని, రెండే ముక్కలు. చదవగానే నాకు ఏడుపు కంటే ముందు భయం వచ్చింది. తొమ్మిదేళ్ళ ఆడబిడ్డకు తల్లినయ్యుండి, ఇంక నాకు ధైర్యం చెప్పేదెవరనుకున్నాను. పిరికిదాన్నని నవ్వుకోండి, ఫర్వాలేదు.

అవ్వంటే నా సొంత అవ్వ కాదు. ఇల్లిల్లూ తిరిగి ఆడవాళ్ళకు బైబిలు చదివి వినిపించే మనిషి. పెళ్ళయిన కొత్తలో మా ఆయనకు ఆ ఊరి బడిలో ఉద్యోగమైతే, ఆమె ఇంటి పక్కగదిలోనే కాపురం పెట్టినాము. ఆమెకు మొగుడు లేడు, బిడ్డలు లేరు. ఐదు ముసలి పెట్టలుండేవి. అవి గుడ్లు మానేసి చాలా కాలమైంది. "కోసెయ్యరాదా అవ్వా?" అంటే, "నేను కూడా ఎన్నో పనులు మానేసినాను, మరి నన్నేం చేస్తావు మే?" అనేది.

అప్పుడు నాకు ఆరో నెల. అంతకు ముందు రెండుసార్లు కడుపు నిలవలేదు. నెల్లూరు ఆస్పత్రి డాక్టరమ్మ నన్ను చూసి, ఒంట్లో బలం లేదు, రోజుకో గుడ్డన్నా తినకపోతే ఈ బిడ్డకూ పూచీ లేదనింది. ఆ ఊళ్ళో గుడ్లమ్మేవాళ్ళు లేరు, ఎవరి గుడ్లు వాళ్ళు పొదగేసుకునేవాళ్ళు. నేనైతే రోజుకు పదిసార్లు చీర తిప్పి చూసుకునేదాన్ని, ఎక్కడన్నా ఎర్రచుక్క కనిపిస్తుందేమోనని. కుంకుమ డబ్బా చూసినా ఒళ్ళు జలదరించేది.

డాక్టరమ్మ మాట అవ్వకు చెప్పినాను. మర్నాడు తడలో చెల్లెలింటికి పోయి, గుడ్డుకొచ్చే ఈడు పెట్టలు నాలుగు గంపలో వేసుకొని బస్సు దిగింది.

వాటిని తెచ్చిన వెంటనే వదల్లేదు. దొడ్లో ముసలివాటి మధ్యనే గంప కింద మూసిపెట్టింది. లోపల అవి, బయట ఇవి, రెంటికీ పక్కపక్కనే నూకలు. "ముసలోళ్ళకు కొత్తమొకాలు అలవాటు కావాల. పది దినాలు పట్టుద్ది, తొందరపడబాక" అనింది. తోకలేని నల్లపెట్ట ఒకటి పొద్దస్తమానం గంప చుట్టూ తిరుగుతూ సందుల్లో ముక్కు దూర్చి పొడిచేది. ఆ టకటక వినపడినప్పుడల్లా లేచిపోయి దాన్ని అదిలించేదాన్ని. కొత్తవాటిలో ఒక్కటి చచ్చినా నా బిడ్డ కూడా దక్కదని నాలో నేనే అనుకొని కూర్చున్నాను. ఎందుకట్టా అనుకున్నానో, అదెక్కడ రాసుందో నాకే తెలీదు. ఆ మాట అవ్వకు కూడా చెప్పలేదు.

పదకొండో రోజు అవ్వ గంప ఎత్తింది. కాసేపు చూసి, ఇంక ఫర్వాలేదని బైబిలు చదివేదానికి ఇళ్ళకు పోయింది. నేను ఊరుకోవచ్చు గదా! పక్క దొడ్లోకి పోతే మనవని ఎట్టా తెలుస్తుందని, పాత రవిక చించి నాలుగింటి కాళ్ళకూ ఎర్ర పీలికలు కట్టినాను. మా అమ్మగారింట్లో అట్టనే కట్టేవాళ్ళు. నేను చేసిన పాడుపని అదే. నల్లపెట్ట ఆ ఎరుపు చూసి ఉరికొచ్చి ఒకదాని కాలు పొడిచింది. పీలిక కింద చర్మం చీలింది. నెత్తురు కనపడేసరికి ఐదూ మీదపడినాయి. అదిలించినా పోవే! కట్టె తీసుకొని పరిగెత్తినాను. ఎక్కడో పొత్తికడుపులో పట్టేసినట్టయి, ప్రభువా, అయిపోయింది, మూడోది కూడా పోయిందనుకొని అక్కడే కూలబడినాను.

నా అరుపులకు అవ్వ వచ్చింది. ముసలివాటిని తరిమి ఆ పెట్టను ఒళ్ళోకి తీసుకుంది. "అవ్వా, నొప్పే" అని నేను ఏడుస్తుంటే, "ముందు కోడి, తరవాత నువ్వు. దానికి నోరు లేదు, నీకుండాది" అనింది. పీలికలన్నీ కోసేసింది. చట్టి అడుగు మసి గీకి, ఆముదంలో కలిపి గాయానికి దట్టంగా పూసింది. "నెత్తురు కంటబడితేనే వీటికి పిచ్చి. కనపడకపోతే మరిచిపోతాయి." నిజంగానే కాసేపటికి ఆ ముసలివి తవుడు దగ్గరికి పోయినాయి.

తరవాత ఆ నల్లటి చేతుల్తోనే నా నడుం పట్టుకొని చాప మీద పడుకోబెట్టింది. నొప్పి తగ్గిందాకా నా పక్కనుంచి లేవలేదు. పీలికల సంగతి ఎత్తనే లేదు, ఆ రోజే కాదు, ఎప్పుడూ. "భయముంటే ఉండనీ మే. దానికి పెత్తనం మాత్రం ఇయ్యబాక" అని మాత్రం అనింది.

ఆ పెట్ట బతికింది. రెండు వారాలకు ఒకటొకటిగా గుడ్డుకొచ్చినాయి. నేను లేచేసరికే అవ్వ నా తలుపు తట్టి, గుడ్డు చేతిలో పెట్టేది, ఇంకా వెచ్చగా, శుభ్రంగా. ఉడకబెట్టుకొని తినేదాన్ని. నెలలు నిండినాక బిడ్డ పుట్టింది. దాని ఏడుపు విని నేనూ, అవ్వా ఇద్దరం ఏడ్చినాము.

బిడ్డకు ఐదో నెలలో అవ్వకు జ్వరమొస్తే ఆమె చీరలు నేనే ఉతికినాను. అన్నీ తెల్లచీరలే. ఒకదాని కొంగు నిండా సన్నసన్నటి ఇటుకరంగు మరకలు. సబ్బుకు పోలేదు, సోడాకు పోలేదు. ఏందవ్వా ఇవంటే, "ఆకువక్క మరకలే, గమ్మునుండు" అనింది. ఆకువక్క నోట పెట్టే మనిషే కాదామె. జ్వరంలో ఏదో అనిందిలే అనుకున్నాను.

మనుబోలుకు బదిలీ అయినాక నేనూ పెట్టల్ని పెంచినాను. ఒక పెట్ట తొలిసారి పెట్టిన గుడ్డు గూట్లోంచి తీస్తే, పెంకు మీద పచ్చి నెత్తుటి చార! గుడ్డు చేతిలోంచి జారబోయింది. పక్కింటక్క నవ్వి, "కొత్తపెట్ట గదా, తొలి గుడ్లకు అట్టనే ఉంటుంది, దానికెందుకంత భయం?" అనింది. నాకు అవ్వ కొంగు మీది మరకలు గుర్తొచ్చినాయి. అవ్వ అబద్ధమాడగా నేను విన్నది ఆ ఆకువక్క మాటొక్కటే. తెలిసిపోయిందవ్వా అని ఒక కార్డు ముక్క రాద్దామనుకుంటూనే ఇన్నేళ్ళు గడిపేసినాను.

కార్డు వచ్చిన కాడి నుంచి నాకు ఒకటే కనిపిస్తోంది. తెలతెలవారుతుండగా ఆమె గూటి ముందు వంగి, గుడ్డును కొంగుతో తుడుస్తూ, నా తలుపు తెరుచుకుందేమోనని ఒకసారి తిరిగి చూసి, మళ్ళీ తుడుస్తూ ఉంటుంది.