అరవై ఆరు డిగ్రీల దగ్గర

ఒమాన్‌లో, అల్ మవాలేలోని మా రూమ్‌లో ఇద్దరమే ఉండేవాళ్ళం: జగిత్యాల వైపు నుండి వచ్చిన మేస్త్రీ అన్న, నేను. మా కుటుంబంలో డిగ్రీ చదివిన మొదటివాణ్ణి నేనే. కాంక్రీటు పరీక్షించే ల్యాబ్‌లో పని. ఆ చదువే నన్ను ఆ శుక్రవారం మధ్యాహ్నం పొయ్యి దగ్గర నిలబెట్టింది.

అన్న దాణా దుకాణంలో బార్లీ కొని, మొలకెత్తించి, మేడ మీద ఎండబెట్టి, బరకగా మిక్సీ పట్టాడు. బీరుకు ఆ రవ్వను వేడినీళ్ళలో గంటసేపు అరవై ఆరు డిగ్రీల దగ్గర నిలపాలి. వేడి తగ్గితే తీపి సరిగా దిగదు. మరీ పెరిగితే మొలకలోని గుణం చచ్చిపోతుంది.

"కాంక్రీటుకు జరమెంతున్నదో సూసేటోనివి, దీనికి సూడరాదా తమ్మీ?" అని నవ్వాడు.

ఈ దేశంలో ఇంట్లో మద్యం కాయడం నేరం. పట్టుబడితే నా ఉద్యోగం, వీసా రెండూ పోతాయి. అంతా తెలిసే ల్యాబ్ నుండి థర్మామీటరు తెచ్చాను.

వాసన బయటికి పోకుండా కిటికీలు మూసి, స్టీలు గంజుకు రెండు దుప్పట్లు చుట్టాము. అయినా ముల్లు అరవై మూడుకు దిగింది. ఏసీ గాలి సరిగ్గా గంజు మీదే పడుతోంది. నేనే లేచి ఏసీ కట్టేశాను. దుప్పట్లు విప్పి, కాసేపు సన్నని మంట పెట్టి ఆర్పి, మళ్ళీ చుట్టాను. అరవై ఆరు. చెమటలు కారుతున్నా, గర్వపడ్డాను.

ముప్పావుగంటకు తలుపు చప్పుడైంది. మా ఏసీ నుండి కారే నీళ్ళను బకెట్లో పట్టి కార్లు కడిగే మా బిల్డింగ్ వాచ్‌మన్.

"ఏసీ బంద్ క్యోఁ హై, భాయ్? పానీ నహీఁ ఆ రహా." బకెట్లోకి నీళ్ళు రావడం లేదని, ఏసీ ఎందుకు ఆపారని బయటినుండే అడుగుతున్నాడు.

ఒమాన్‌లో జూన్ నెలలో, మనుషులున్న గదిలో ఏసీ ఎవరూ ఆపరు. అది నాకు తట్టలేదు.

"ఖరాబ్ హో గయా!" ఏసీ పాడైపోయిందని అన్న లోపలినుండే అరిచాడు.

"మెకానిక్ నీచే హీ హై. అభీ లాతా హూఁ."

కిందే ఉన్న మెకానిక్‌ను తేవడానికి అతడి చెప్పుల చప్పుడు మెట్లు దిగిపోయింది.

"ఎందుకన్నా ఆ మాట అన్నావు?"

"నోటికొచ్చింది అనేసిన. ఇంక పావుగంటనే తమ్మీ, పారబొయ్యకు!"

నేను వినలేదు. ఏసీ వేసి, గంజు ఎత్తి బాత్రూంలో కుమ్మరించాను. పొట్టు అడ్డుపడి నీళ్ళు కదలలేదు. తియ్యని ఆవిరి గదంతా కమ్ముకుంది. వేళ్ళు కాలుతున్నా పొట్టు దోస్తూనే ఉన్నాను. ఇంతలో మళ్ళీ తలుపు కొట్టారు, అన్న తీయక తప్పలేదు.

మెకానిక్ ఏసీ కింద చేయి పెట్టి చూసి, "చాలూ హై," నడుస్తూనే ఉంది కదా అని విసుక్కుని వెళ్ళిపోయాడు. వాచ్‌మన్ వెళ్ళలేదు. బాత్రూం గుమ్మంలో నిలబడి, గట్టిగా ఊపిరి పీల్చి, నా ఎర్రబడిన చేతులు చూశాడు.

"పఢే-లిఖే ఆద్మీ హో, సాబ్," అన్నాడు మెల్లగా, చదువుకున్నవాణ్ణని నాకు గుర్తుచేస్తున్నట్టు. బయటికి నడిచి, తలుపు తానే దగ్గరగా వేశాడు.

అంతవరకు రోజూ అతడే నాకు ముందు సలాం చెప్పేవాడు. మరునాటి నుండి నేనే ముందు చెబుతున్నాను. అతడు కొన్నిసార్లే జవాబిస్తాడు.