కమిటీ ముందు మా బావ పాఠం

చదువుకు ఎనిమిదో క్లాసులోనే దండం పెట్టేసినవాణ్ణి నేను. అలాంటి నన్ను కూర్చోబెట్టి ఇంజనీరింగ్ పాఠం వినిపించిన ఘనత ప్రభుత్వానిదే.

మా బావ, అంటే మా అక్క మొగుడు, తెలుగువాళ్ళూ బెంగాలీలూ కలిసి ఉండే మా రైల్వే ఊరి చివరి ఇంజనీరింగ్ కాలేజీలో కాంట్రాక్టు లెక్చరరు. మెత్తని మనిషి. పాఠమంతా బోర్డువైపు తిరిగి, బోర్డుకే గుసగుసగా చెప్పేవాడు. ఆయన క్లాసులో ఎవరైనా పాసయ్యారంటే అది బోర్డే అయ్యుండాలి. ఇంతలో, బోధన బాగుపడాలని ప్రభుత్వం ఆ కాలేజీకి నిధులు పంపింది. కొత్త ప్రొజెక్టర్లు వచ్చాయి, మెత్తటి కుర్చీలు వచ్చాయి. బావని ఏదో హోటల్లో శిక్షణకు కూడా పంపారు. తిరిగొచ్చి ఆయన చెప్పింది రెండే ముక్కలు: పిల్లల కళ్ళలోకి చూడాలట, అక్కడ పనీర్ కూర బాగుందట.

ఆ నిధులకో మెలిక ఉంది. కమిటీ వచ్చి కాంట్రాక్టు వాళ్ళందరి పాఠాలూ వింటుంది. నచ్చితే ఉద్యోగం నిలుస్తుంది, లేకపోతే ఇంటికే.

అక్క గుండెల్లో రాయి పడింది. రోజూ సాయంత్రం రైల్వేవాళ్ళ కాలనీ ఓల్డ్ సెటిల్‌మెంట్‌లో మా ఇంటి వరండాలో రిహార్సల్ పెట్టించింది. విద్యార్థులం అమ్మ, నేను, నిమ్‌పురా గూడ్సు యార్డులో రైలు డ్రైవరుగా రిటైరైన మా నాన్న.

"వేడి ఎప్పుడూ వేడి వస్తువులోంచి చల్లటి వస్తువులోకే పోతుంది," అన్నాడు బావ, గోడతో.

నాన్న చటుక్కున కుడిచెయ్యి చాపి, "వేడిలోంచి సల్లదాన్లోకి!" అని అరిచాడు.

బావ ఉలిక్కిపడి ఇటు తిరిగాడు. "ఏటి మావయ్యా, ఏటైనాది?"

"ఏటీ అవలేదు అల్లుడుగారూ. ఇన్నాను, ఇన్నట్టు సెప్పినాను. కానీండి."

రైలింజన్లో పద్ధతి అది. సిగ్నల్ కనబడగానే ఒకరు చెయ్యి చాపి దాని రంగు పైకి చెప్పాలి, రెండోవారు కూడా చెయ్యి చాపి అదే మాట తిరిగి చెప్పాలి. అప్పుడే ఇద్దరూ చూసినట్టు లెక్క. రిటైరైనా నాన్నకు ఆ అలవాటు పోలేదు.

"దీనికింత సదువేల బాబూ?" అంది అమ్మ. "మీరు మాటల్లో పడి ఒగ్గీసిన కాఫీ సూడండి, అదే సెప్తాది."

మొదట బావ విసుక్కున్నాడు. తర్వాత అలవాటు పడ్డాడు. చివరికి నాన్న తిరిగి చెప్తే తప్ప ముందుకు కదలలేని స్థితికొచ్చాడు.

కమిటీ రోజున కుర్చీలూ మైకూ నేను నడిపే అద్దెసామాన్ల టెంట్ హౌస్‌వే కాబట్టి, నేను మైకు పెట్టె పక్కనే నిలబడ్డాను. కమిటీ పెద్దలు వెనక బెంచీలో సర్దుకున్నారు. బావ మొదటి వాక్యం చెప్పి ఆగాడు. పిల్లలు ఆయన్ని చూశారు. ఆయన పిల్లల్ని చూశాడు. రెండో వాక్యం రాదే! సిగ్నల్ దగ్గర ఆగిన గూడ్సుబండిలా నిలబడిపోయాడు. చెమట మాత్రం కదిలింది.

ఇక ఆగలేక నేనే చెయ్యి చాపి, "వేడిలోంచి చల్లదాన్లోకి!" అని అరిచాను.

క్లాసు గొల్లుమంది. కానీ బావకు దారి దొరికింది. రెండో వాక్యం చెప్పి మళ్ళీ ఆగాడు. ఈసారి పిల్లలంతా అల్లరిగా చేతులు చాపి అరిచారు. మూడోదానికీ అంతే. నాలుగోదానికి ముందు బెంచీలో ఒక బెంగాలీ అమ్మాయి మాత్రం చెయ్యి దించేసింది.

"సార్, ఇది నాకు అర్థం కాలేదు. అర్థం కానిది తిరిగి ఎలా చెప్పను?"

"నాకూ కాలేదు," అన్నారు ఇంకో నలుగురు.

ఇన్నాళ్ళూ ఆయన్ని ఎవరూ ఏదీ అడిగి ఎరగరు. బావ సుద్దముక్క పక్కన పెట్టి, ఆ అమ్మాయి బెంచీ దగ్గరికి వెళ్ళి, బెంచీ మీది స్టీలు నీళ్ళసీసా చూపించి మళ్ళీ మొదట్నుంచి చెప్పాడు. ఆమె చెయ్యి లేచింది.

పాఠం అయ్యాక కమిటీ పెద్దాయన దగ్గరికొచ్చాడు. "ఈ పద్ధతి శిక్షణలో నేర్పారా?"

"లేదు సార్. మా మావయ్యగారు."

"ఓహో! ఆయన ఎక్కడ ప్రొఫెసరు?"

"నిమ్‌పురా యార్డులో సార్."

పెద్దాయన గంభీరంగా తలూపాడు. అది ఏ విశ్వవిద్యాలయం అని మాత్రం అడగలేదు.

బావ ఉద్యోగం నిలిచింది. తెలిసిన రోజు అక్క ఏడ్చి, నవ్వి, వీధంతా మిఠాయి పంచింది. ఇప్పుడావిడకు కొత్త తంటా. ఇదివరకు చారులో ఉప్పు తగ్గితే మాట్లాడకుండా తినేసి లేచే మనిషి, ఇప్పుడు ఆవిడ కళ్ళలోకి సూటిగా చూసి, ఉప్పు తగ్గిందని గట్టిగా చెప్పి, "అర్థమైందా?" అని అడుగుతున్నాడు.