ఎండకు పెట్టిన బర్గండీ సీసాలు

గల్ఫ్‌కొచ్చి, సనాబిస్‌లో ఒక ఫ్రెంచి వాళ్లింట్లో నేను వంటమనిషిని. వరసకు వదినయ్యే మా ఊరావిడ అదే ఇంట్లో పైపని చేసేది. మా గదిలో ఏసీ చెడిపోయి నెల దాటినా పట్టించుకున్న నాథుడు లేడు. సారు వైన్ సీసాలకు మాత్రం రాత్రీపగలూ ఏసీ నడిచే గది! బిరడాలు ఎండిపోకూడదని అందులో తడిగుడ్డలు కూడా వేలాడదీయించేవాడు. నాకు ఒళ్లు మండేది.

అది వాళ్ల దేశంలో బర్గండీ అనే చోట సారు తండ్రి సొంత తోటలో ద్రాక్షతో చేసిన వైనని మేడం చెప్పింది. పళ్లను తొక్కలతోనే పులియబెట్టి, ఓక్ చెక్క పీపాల్లో ఏడాదికి పైగా ఉంచి, తర్వాత సీసాల్లో నింపి పడుకోబెడతారట. ఆ పెద్దాయన పోయాడు, తోట అమ్మేశారు. ఇక మిగిలింది ఈ సీసాలే.

ఆగస్టులో ఒకరోజు జిదాఫ్స్ మార్కెట్ నుంచి వచ్చేసరికి ఆ గది ఖాళీగా ఉంది. వదిన కింద ఎక్కడా లేదు. డాబా మీదికి పరిగెత్తాను. సీసాలన్నీ శుభ్రంగా తుడిచి, దుప్పటి మీద వరసగా మిట్టమధ్యాహ్నపు ఎండలో పెట్టి ఉన్నాయి.

"బూజు పట్టేశాయే! ఆవకాయ జాడీకి బూజొస్తే ఎండలో పెట్టమూ?" అంది వదిన, నేను మెచ్చుకుంటాననుకుని.

ముట్టుకుంటే చెయ్యి చుర్రుమంది. కొన్నిటికి బిరడాలు పైకి తన్నుకొచ్చి ఎర్రగా కారుతోంది.

"కొంప ముంచావు వదినా!"

సీసాలకు తడిగుడ్డలు చుట్టాం. ఫ్రిజ్‌లో ఉన్న ఐసంతా బకెట్లలో పోశాం. ఉడికిన అన్నాన్ని మళ్లీ బియ్యం చెయ్యలేమని తెలిసీ చేశాం. వదిన వీసా సారు చేతిలో ఉంది. ఆమె కూతురు వచ్చే నెల నర్సింగ్ కాలేజీలో చేరాలి, ఆ చదువుకు ఈ జీతమే ఆధారం. గుర్తొచ్చిన దేవుళ్లందరికీ మొక్కుకున్నాం.

సాయంత్రం సారు ఒక సీసా తెరిచి, వాసన చూసి, సింకులో పారబోశాడు. ఇంకొకటి తెరిచాడు. మూడోది పారబోస్తూ ఏడ్చేశాడు. వచ్చీరాని ఇంగ్లీషులో నేను ఆవకాయ సంగతి చెప్పబోయాను. "ఖలాస్" అన్నాడు. అంతగా ఏడుస్తున్న మనిషి మీద కోపం కూడా రాలేదు నాకు.

మర్నాటికే వదినకు టికెట్ తీశారు. వేరే ఇంట్లో పని చూసుకుంటుందని కాళ్లావేళ్లా పడ్డాను. సారు ఒప్పుకోలేదు.

పెట్టె సర్దుకుంటూ వదిన కూతురికి ఫోన్ చేసింది. "సెలవిచ్చారమ్మా, వచ్చేస్తున్నాను" అంది.

అవతల ఆ పిల్ల ఆనందంతో కేక పెట్టింది.

"అయితే నన్ను కాలేజీలో దింపడానికి నువ్వే వస్తావన్నమాట!"