మావయ్య కౌగిలి కొలత

కనిపించిన ప్రతిదాన్నీ వాటేసుకుని కొలవడం మా మావయ్య అలవాటు. టేపు కొనిస్తే అటకెక్కించాడు. "టేపు సాగుతుందిరా, నా చేతులు సాగవు" అనేవాడు.

ఆయన ఉద్యోగమూ అలాంటిదే. నది పక్కన సర్కారు అడవిలో ఏ చెట్టు నరకాలో, ఏది ఉంచాలో చెప్పాలి. సర్కారుకు మందం ఒక్కటే లెక్క. వాటేసుకుంటే చేతులు కలిశాయా, "పిల్లచెట్టు, పెరగనీ" అనేవాడు. కలవలేదా, "ముదిరింది, రంగు వెయ్యి" అనేవాడు. నరకాలని గుర్తుగా నేను ఎర్రరంగు పూసేవాణ్ణి. సాయంత్రానికి ఆయన చొక్కాలో సగం బెరడు, సగం చీమలు.

ఇంట్లోనూ అదే వరస. నీళ్ళ డ్రమ్మును వదల్లేదు, వరండా స్తంభాన్ని వదల్లేదు. కూతుర్ని చూడ్డానికొచ్చిన పెళ్ళికొడుకుని కూడా వాటేసుకుని, "కుర్రాడు మంచివాడే, ఇంకా పెరగాలి. రెండేళ్ళు ఆగుదాం" అన్నాడు. ఒక్క అత్తయ్యను మాత్రం కొలవలేదు. "కొలవమను చూద్దాం" అని ఆవిడ గరిటె చూపించేది.

పడవల రేవు దగ్గర ఏనుగంత చెట్టు ఒకటుంది. ఏటా మావయ్య దాన్ని వాటేసుకుని, చెంప ఆనించి, కళ్ళు మూసుకుని "కలిశాయి, పిల్లచెట్టు" అనేవాడు. నేను ఇవతలే నిలబడి, పాపం ఎదుగూ బొదుగూ లేని చెట్టు అని జాలిపడేవాణ్ణి.

ఈ ఏడు కొత్త ఆఫీసరమ్మ వచ్చింది. రేవు చెట్టును ఎగాదిగా చూసి, "దీనికి రంగు పడలేదేం?" అంది.

"పిల్లచెట్టండీ" అన్నాడు మావయ్య.

"ఏదీ, కొలవండి."

మావయ్య ఎప్పటిలాగే చెంప ఆనించి వాటేసుకున్నాడు. "కలిశాయండీ."

ఆవిడ అవతలికి నడిచింది. వెనకే నేనూ వెళ్ళాను.

మావయ్య రెండు చేతుల మధ్య బారెడు ఎడం ఉంది. ఆ ఎడంలో పడవ నడిపే ముసలమ్మ చెట్టుకు అతుక్కుపోయి, ఆ చేతినీ ఈ చేతినీ గట్టిగా పట్టుకుని ఉంది.

"ఏటా ఇంతేనమ్మా" అంది, పట్టు వదలకుండానే. "దీని వేర్లు పోతే గట్టంతా నదిలోకి జారిపోతుంది. నా పడవ ఎక్కడ కట్టుకోను?"

ఆఫీసరమ్మ గట్టును చూసింది, చెట్టుకు చుట్టిన పడవ తాడును చూసింది.

"కలిశాయి" అంది చివరికి. "వచ్చే ఏడు మళ్ళీ చూద్దాం."

తిరిగొస్తుంటే ఆయన మీద ప్రేమ ముంచుకొచ్చింది. అయినా అడక్కుండా ఉండలేకపోయాను. "నీ చేతులు సాగవన్నావు కదా మావయ్యా?"

ఆయన చొక్కా విప్పి చీమలు దులుపుకుంటూ, "వయసు మీద పడుతోంది కదరా, అన్నీ సాగుతున్నాయి" అన్నాడు.